గుర్రపు వెంట్రుకకు తెగని గడ్డ

మా అంగన్వాడీకి వచ్చే ఆడవాళ్లలో ఎవరైనా మెడ మీదో చంక కిందో చిన్న కాయ చూపించి, "గుర్రం వెంటిక కట్టించుకుంటే రాలిపోతాదంట, నిజమేనా టీచరమ్మా?" అని అడిగితే నేను నోటితో జవాబు చెప్పను. తలుపు దగ్గరికి వేసి, జాకెట్టు భుజం దగ్గర కాస్త దించి, వెనక్కి తిరుగుతాను. వీపున కుడి భుజం రెక్క మీద అరచెయ్యంత మేర నా చర్మం వేరే రంగులో ఉంటుంది, పాత చీరకు కొత్త గుడ్డతో మాసిక వేసినట్టు. చూసినవాళ్లు "అయ్యో" అని ముక్కున వేలేసుకుంటారు. చాలామంది ఆ వారంలోనే పుంగనూరు బస్సెక్కుతారు. ఇన్నేళ్లుగా నేను చెప్పిన ఆరోగ్య పాఠాలన్నిటికన్నా నా వీపే బాగా పనిచేస్తోంది.

అందరికీ వీపు తిప్పి చూపించలేను కనక రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. జబ్బు పోయింది గాని, దాంతో పాటు ఇంట్లోకి వచ్చి కూర్చున్న అపరాధ భావం ఇంకా పోలేదు. రాస్తే కాస్త తేలికవుతుందేమోనని ఆశ.

1999

మాది చౌడేపల్లె దగ్గర పల్లె. మా ఆయన రెడ్డెప్పకు కొంచెం మెట్ట, బోరు కింద టమాట, కొట్టంలో రెండు జెర్సీ ఆవులు. నాకు ఊళ్లోనే అంగన్వాడీ ఉద్యోగం. కూతురు లలిత అప్పటికి రెండో తరగతి. ఇంటికి పెద్ద దిక్కు మా అత్త చెంగమ్మ. మామ పోయాక ఆవుల్ని, కొడుకుని, నన్ను ఒకే గొంతుతో అదిలించేది.

మా అత్తకు చుట్టుపక్కల పల్లెల్లో ఒక విషయంలో పేరుండేది. పులిపిరి కాయలు కట్టడం. పుంగనూరు బస్టాండు దగ్గర నిలబడే జట్కా గుర్రాల తోకల్లోంచి నాలుగు వెంట్రుకలు అడిగి తెచ్చుకునేది. వాటిని పసుపు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, పాత పొడుం డబ్బాలో చుట్టి పెట్టుకునేది. కాయ మెడకు ఉచ్చు వేసి, రోజుకింత బిగించుకుంటూ పోతే అది నల్లబడి, ఎండి, ఒక పొద్దున పక్కబట్టల్లో దొరికేది. "నెత్తురు నిలబెడితే ఏదైనా సస్తాది" అనేది అత్త. అదే ఆమె వైద్యశాస్త్రం మొత్తం. తాంబూలం తప్ప ఏమీ పుచ్చుకునేది కాదు.

ఆ ఏడు ఎండాకాలంలో నా కుడి రెక్క మీద చిక్కుడు గింజంత గడ్డ చేతికి తగిలింది. నొప్పి లేదు. అద్దంలో మెడ తిప్పి చూస్తే కొంచెం ఎర్రగా, కొంచెం నీలంగా కనిపించింది. అంగన్వాడీలో అయితే నేనేం చెబుతాను? "ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోండి" అంటాను. ఇంట్లో మాత్రం అత్త ముందు కూర్చుని జాకెట్టు వదులు చేశాను. మగ డాక్టరుకు వీపు చూపించాలంటే సిగ్గు. అది టమాట కోతల కాలం కూడాను. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ అంటారు, నేను చెప్పేది నేనే వినలేదు.

అత్త వేలితో చుట్టూ తడిమింది. "ఇది పులిపిరి మాదిరి లేదే మే. దీనికి మెడ సన్నంగా లేదు" అంది.

"నీ చెయ్యి పడితే ఏదైనా పోతాది, కట్టత్తా" అన్నాను.

పొగడ్తకు పడనివాళ్లు ఎవరు? అత్త కట్టింది. రోజూ స్నానం చేసే ముందు బిగించింది. పైభాగం నల్లబడి, కొన్నాళ్లకు పెచ్చు లాగా రాలిపోయింది. అత్త దాన్ని కాగితంలో పెట్టి రెడ్డెప్పకు చూపించింది. లలిత అసహ్యంతో అరుస్తూ పారిపోయింది. ఇల్లంతా నవ్వుకున్నాం.

నవ్వు ఆ చలికాలం దాకా ఉంది. రాలిన చోట మళ్లీ లేచింది. ఈసారి పైకి తక్కువ, పక్కలకు ఎక్కువ. అత్త మళ్లీ కట్టబోతే ఉచ్చు జారిపోయింది, పట్టడానికి మెడే లేదు. సంక్రాంతి దాటేసరికి నిమ్మకాయంత అయింది. లలిత ఒకసారి తల దువ్వించుకుంటూ వెనక్కి తిరిగి, "అమ్మా, నీ వీపు మీద ఎర్ర దారాలు వచ్చినాయి" అంది. చుట్టూ సన్న నరాలు పాకాయట. గోడకు ఆనుకుని కూర్చుంటే అక్కడ వేడిగా ఉండేది. గుండె కొట్టుకునే లయలోనే అదీ కొట్టుకునేది. ఒకరోజు కుండ దించుతుంటే జాకెట్టు కుట్టు గీరుకుని రక్తం కారింది. పసుపు అద్దినా, కాఫీ పొడి అద్దినా చాలాసేపు ఆగలేదు. రెడ్డెప్ప ఎర్రబడిన తువ్వాలును చూసి చొక్కా తొడుక్కున్నాడు.

2000, మదనపల్లె

మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి వరండాలో బల్లలు చల్లగా ఉంటాయి. ఎండలో వచ్చిన మనిషికి అది హాయిగా ఉండాలి. నేను కొంగు భుజాల చుట్టూ కప్పుకున్నాను. నా పక్కన కురబలకోట నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయన కూర్చుని, భార్యకు ఏం జబ్బో నాకు చెప్పి, నాకేం జబ్బో అడిగాడు. "ఏం లేదప్పా, చిన్న గడ్డ" అన్నాను. ఆయన తలూపి, "మా ఇంటి దానికీ చిన్నదేనమ్మా" అన్నాడు.

అక్కడ నర్సు రూతమ్మ సిస్టరు. లావుగా, నిదానంగా, మెడలో సన్న సిలువతో ఉండేది. ముక్క తీసి పరీక్షకు పంపేటప్పుడు నా తల తన పొట్టకు ఆనించుకుని నిలబడింది. "ఏడ్వాలంటే ఏడువు టీచరమ్మా, నా చీర మళ్లా ఉతుక్కుంటాలే" అంది. ఫలితం వచ్చిన రోజు డాక్టరు చెప్పేది రెడ్డెప్పకు సగమే వినిపించింది. బయటికొచ్చాక రూతమ్మే మళ్లీ నిదానంగా చెప్పింది. అది క్యాన్సరు గడ్డ. మెల్లగా పెరిగే రకం. చుట్టూ చాలా మేర కోసి తీయాలి. కుప్పంలో కొత్తగా వచ్చిన పెద్దాసుపత్రిలో చేస్తారు.

"ఇది యాల వచ్చింది సిస్టర్, మేమేం చేసినామని?" అని రెడ్డెప్ప అడిగాడు.

"అది దేవునికే తెల్సప్పా. నువ్వు మాత్రం ఈమెను కుప్పానికి పిల్చకపో, అంతే."

ఇంటికొచ్చి చెప్పినప్పుడు అత్త అంతా విని లేచింది. పొయ్యి ముందు కూర్చుని పొడుం డబ్బా తెరిచి, చుట్ట చుట్టిన వెంట్రుకలన్నీ మంటలో వేసింది. కాలిన వాసన మధ్యాహ్నం దాకా ఇంట్లో తిరిగింది. నేను కట్టమంటేనే కట్టింది. ఆ మాట నేను అప్పుడే గట్టిగా అనాల్సింది. నా భయంలో నేను మునిగిపోయి ఆమె భయం నాకు కనిపించలేదు.

అదే ఏడు, కుప్పం

పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. బస్సు కుదుపులకు వీపు సీటుకు తగలకుండా ముందుకు వంగి కూర్చున్నాను. అత్త తన అరచేతిని నా వీపుకూ సీటుకూ మధ్య అడ్డం పెట్టుకుని దారంతా వచ్చింది.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. కోస్తా యాస. ఓపిక ఎక్కువ. నాకు తీసిన స్కానింగు ఫిల్ములు వెలుగులో పట్టుకుని చూసి, "దీనికి రక్తం బాగా అందుతోంది. అందుకే గీరుకుంటే అంతలా కారింది" అంది.

రెడ్డెప్ప రైతు కదా, తన లెక్కలో తను అర్థం చేసుకున్నాడు. "అంటే మన కాలవకు గండి కొట్టి పక్కోడు నీళ్లు మళ్లించుకున్నట్టా మేడం?"

"గండి కొట్టదండీ, పిలుస్తుంది. ఆవగింజంత ఉన్నంతకాలం చుట్టుపక్కల నుంచి ఊరి వచ్చే తడితోనే బతికేస్తుంది. అంతకుమించి పెరగాలంటే చాలదు. ఆకలేస్తుంది. అప్పుడు చుట్టూ సంకేతాలు పంపుతుంది. దగ్గర్లో ఉన్న సన్న రక్తనాళాలు అవి అందుకుని, దానివైపు కొత్త కొమ్మలు వేస్తాయి. అలా తనకంటూ రక్తం ఏర్పాటు చేసుకుంటుంది. ఇదేం కొత్త విద్య కాదు. దెబ్బ మానేటప్పుడు, కడుపులో బిడ్డ పెరిగేటప్పుడు మన ఒళ్లు చేసే పనే. గడ్డ దాన్ని తన స్వార్థానికి వాడుకుంటుంది."

అత్త అప్పటిదాకా గోడ పక్కన నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నెత్తురు పోకుండా బిగిస్తే సస్తాదనేనమ్మా నేను కట్టింది" అంది.

సంగతంతా విన్న డాక్టరమ్మ కసురుకుంటుందనుకున్నాను. కసరలేదు. "ఆలోచన తప్పు కాదు పెద్దమ్మా. దానికి రక్తం అందకుండా చేసే మందుల కోసమే పెద్ద పెద్ద వాళ్లు వెతుకుతున్నారు. కాని మీరు కట్టింది పైన కనిపించే కొసకి. దాని నాళాలు అడుగు నుంచి వస్తున్నాయి. వెంట్రుక అక్కడిదాకా పోదు కదా" అంది.

మంచిగానే చెప్పింది. అత్తకు మాత్రం 'అడుగు నుంచి' అన్న మాటే మిగిలింది. నాకు మిగిలింది వేరే మాట. కడుపులో బిడ్డ.

లలిత తర్వాత నాకు ఇంకో కానుపు రావాల్సింది. ఆరో నెలలో పోయింది. మగపిల్లవాడు, నా రెండు అరచేతుల్లో పట్టేంత. బిడ్డకు రక్తం సరిగ్గా అందలేదని అప్పటి డాక్టరు చెప్పాడు. ఊళ్లో గర్భిణీలందరికీ మునగాకు తినండి, రాగులు తినండి అని చెప్పే నేను, నా బిడ్డకు రక్తం పంపలేకపోయాను. ఎలాగో మింగేసిన బాధ అది. ఇప్పుడు ఈ డాక్టరమ్మ అదే పనిని నా ఒళ్లు గడ్డకు చేసి పెట్టిందంటోంది. పిలిచిన వెంటనే. ఎంత కావాలంటే అంత. కన్నబిడ్డ పిలిస్తే పలకని ఒళ్లు, దీనికి పలికింది. తిరుగు బస్సులో ఎవరేం మాట్లాడినా నాకు వినపడలేదు. నా చేతుల మీద తేలిన నరాలను చూసుకుంటే నాకు రోత పుట్టింది.

ఆపరేషను వెంటనే చేయలేదు. నా ఒంట్లో రక్తం తక్కువగా ఉందట. గడ్డ తీసేటప్పుడు చాలా పోతుంది కనక ముందు ఒంటికి రక్తం పట్టించుకుని రమ్మన్నారు. మాత్రలు ఇచ్చారు. బాగా తినమన్నారు. ఆలస్యమైతే అది లోపలికి పాకుతుందని కూడా చెప్పారు.

తినమనడమే ఆలస్యం, అత్త ఇంటిని వంటశాల చేసేసింది. పాల సెంటరుకు పోసే పొద్దుటి పాలు ఆపేసి నాకు కాచింది. పొట్టేలు కారిజం వేయించింది. మునగాకు పొడి, రాగి సంగటి, బెల్లం పాకం. లలిత నా ముద్దల వైపు చూస్తూ ఉంటే, "అమ్మకు బాగైనాక నీకు" అనేది. కారిజం నోట్లో పెట్టుకుంటే నాకు ఒకటే ఆలోచన. ఇది ముందు ఎవరికి పోతుంది? నేను మింగిన ప్రతి ముద్దలో తన వాటా అది ముందే లాక్కుంటుంది. నా కూతురి నోటి ముందు నుంచి తీసి, నా వీపు మీద ఉన్నదాన్ని మేపుతున్నానన్నమాట. అలా అనిపించాక ముద్ద దిగేది కాదు.

నేనూ చెంగమ్మ కోడల్నే. నెత్తురు నిలబెడితే ఏదైనా సస్తాదని నేనూ నమ్మాను. వెంట్రుక అడుగుదాకా పోకపోతే ఆకలి పోతుంది కదా అనుకున్నాను. కారిజం లలిత కంచంలోకి తోసేదాన్ని. పాలు కొట్టంలోకి తీసుకెళ్లి కుడితి తొట్టిలో పోసేదాన్ని. ఆవు పాలు ఆవే తాగి బలిసింది. నేను కుప్పం పోయినప్పుడల్లా రక్తం ఇంకా తగ్గిందని వెనక్కి పంపేవాళ్లు. గడ్డ మాత్రం ఎప్పట్లాగే వెచ్చగా కొట్టుకుంటూ ఉండేది.

అత్త కండ్లకు పొర కమ్ముతున్నా కుడితిలో తెలుపు దొరికిపోయింది. చేతిలో చెంబు ఉండగానే నన్ను తొట్టి దగ్గర పట్టుకుంది.

"యాల పారబోస్తాండావు?"

"నేను తిన్నదంతా దానికే పోతాండాది అత్తా. నేను తినకపోతే అదీ మాడతాది."

అత్త తిడుతుందనుకున్నాను. తొట్టి గట్టున కూలబడింది. "మడిలో గడ్డి మొలిసిందని నీళ్లు ఆపేస్తే ముందు ఎండేది ఏంది మే?" అని అడిగింది.

నేను ఖాళీ చెంబు నేల మీద పెట్టాను.

"పైరు. గడ్డి ఆఖర్న ఎండతాది. ఎండినా మళ్లా వాన పడితే లేస్తాది. నీళ్లు పెట్టి పైరును నిలబెట్టుకోని, గడ్డిని పీకాల. ఇది తెలీదా నీకు? టీచరంట, టీచరు."

అప్పుడు నా నోట్లోంచి బిడ్డ మాట వచ్చేసింది. ఆ బిడ్డకు పంపని రక్తం దీనికెట్లా పంపింది అత్తా నా ఒళ్లు, అని అడిగాను. ఏడుపు ఆగలేదు. ఆవు తల తిప్పి మా ఇద్దరి వైపూ చూసింది.

"ఒళ్లు యవరి మాట ఇంటాది మే? నా కండ్లు నా మాట ఇంటాండాయా?" అంది అత్త. "నువ్వు ఆ బిడ్డ గురించి ఇంత పెట్టుకోని ఉండావని నాకు తెలీకపోయె. నేను ఈ వెంటిక గురించి పెట్టుకోని ఉండాను. ఇద్దరం ఇట్లే కూసుంటే ఆవుకు గడ్డి యవరేస్తారు? లే" అంది.

ఆ మాటలతో నా గుండె బరువు తీరిందని చెబితే అబద్ధం. కాని ఆ పూట పాలు తాగాను. అత్త ఎదురుగా నిలబడి గ్లాసు తిరగేసి చూసింది. ఆ రోజు నుంచి నాతో పాటే కూర్చుని తినేది. నేను ఒక ముద్ద వదిలితే తనూ ఒకటి వదిలేది. ముసలామెను పస్తు పెట్టిన పాపం కూడా మూటగట్టుకోలేక నేను మొత్తం తినేదాన్ని.

రక్తం పట్టింది. ఆపరేషనుకు రోజు ఇచ్చారు. గడ్డకు నాళాలు ఎక్కువ కనక రక్తం సిద్ధంగా ఉంచాలి, మీవాళ్లు ఇవ్వాలి అన్నారు. మా వైపు మగవాళ్లలో రక్తమిస్తే నాగలి పట్టలేమని భయం. రెడ్డెప్ప ధైర్యంగా పోయి, సూది చూసి, టమాట బాక్సులు రెండేసి మోసే మనిషి అక్కడే కండ్లు తేలేశాడు. నీళ్లు కొట్టి లేపితే, "తీసుకున్నారా?" అని అడిగి, ఇంకా లేదంటే మళ్లీ చెయ్యి చాపాడు. అత్త రక్తం తీసుకునే గది కిటికీ దగ్గర గొడవ పెట్టుకుంది. "నా నెత్తురు తీసుకోండి. కట్టింది నేను. నాది తీసుకోకుంటే ఎట్లా?" వయసు దాటింది, తీసుకోము అని వాళ్లు ఎంత చెప్పినా వినలేదు. చివరికి నేనే పోయి ఆమె చెయ్యి పట్టుకుని, అక్కడున్న అందరూ వినేటట్టు చెప్పాను. "కట్టమన్నది నేను. వద్దు వద్దంటే కట్టించుకున్నా." అత్త నా వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుని బల్ల మీద కూర్చుంది. ఆ మాట ఎప్పుడో అని ఉండాల్సింది.

రెడ్డెప్పది ఒక్కటీ చాలదు. ఏం చేయాలో తోచక కూర్చుని ఉంటే, మధ్యాహ్నం బస్సు దిగి రూతమ్మ సిస్టరు వచ్చింది. సెలవు పెట్టుకుని, వాళ్ల చర్చిలోని కుర్రాళ్లను ఇద్దరిని వెంటబెట్టుకుని వచ్చింది. రెడ్డెప్ప మదనపల్లెకు ఫోన్ చేయించాడట, ఆ సంగతి నాకు తెలియదు. ఆ కుర్రాళ్లు నా పేరు కూడా సరిగ్గా అడగలేదు. చొక్కా చేతులు మడిచి లోపలికి పోయారు. తర్వాత అత్త ఇచ్చిన అరటిపండ్లు తింటూ క్రికెట్ గురించి మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. రక్తం అంటేనే అసహ్యం పెంచుకున్న నాకు, ముక్కూ ముఖం తెలియనివాళ్ల రక్తం ఎక్కబోతోంది. దానికి నేను తగిన మనిషినేనా అనిపించింది.

వార్డులో నా పక్క మంచం మునెమ్మది. గుడుపల్లె మనిషి, రొమ్ములో గడ్డ. నాకు లేత కొబ్బరి గీకి పెట్టేది. "నీదన్నా కనిపించే సోట లేసింది తల్లీ. నాది లోపలే దాక్కోని, దాని పని అది సూసుకునింది" అనేది నవ్వుతూ. ఆమెకు ఆపరేషను చేయలేమని ఇంటికి పంపేశారు. పోయే ముందు తన దుప్పటి నాకిచ్చింది, వార్డులో చలి ఎక్కువని. అదే జబ్బు, పక్కపక్క మంచాలు. ఒకరు కుప్పం బస్టాండుకు, ఒకరు ఆపరేషను గదికి. ఆ దుప్పటి ఇప్పటికీ ఉంది, కప్పుకోలేను, పారేయలేను.

ఆపరేషను గురించి నాకేమీ తెలియదు. తెలివి వచ్చేసరికి బోర్లా పడుకుని ఉన్నాను. వీపు మీద పెద్ద గుంట పడిందట, తొడ మీది చర్మం పల్చగా తీసి దాని మీద పరిచారట. డాక్టరమ్మ నా తల దగ్గర వంగి, "చర్మం పెట్టడం వరకే మా పని. దానికి రక్తం మేము ఇవ్వలేదు. కింద నుంచి మీ ఒళ్లే కొత్త నాళాలు పంపించుకోవాలి. పంపితే ఎర్రబడి అతుక్కుంటుంది. పంపకపోతే నల్లబడి ఊడిపోతుంది, మళ్లీ మొదటికి వస్తాం" అంది.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మళ్లీ అదే ప్రశ్న. నా ఒళ్లు ఎవరికి పలుకుతుంది? ఆ దొంగ గడ్డకు పలికింది, బిడ్డకు పలకలేదు. ఇప్పుడు నా కోసమే అడుగుతున్నారు. కట్టు విప్పేదాకా కదలకుండా పడుకుని, పెట్టిందల్లా తిన్నాను. జీవితంలో ఎప్పుడూ అంత బుద్ధిగా తినలేదు. లోపల మాత్రం ఒకటే భయం.

కట్టు విప్పే పొద్దున అత్తను బయటికి పొమ్మన్నారు. పోలేదు. గాజుగుడ్డ తడిపి తడిపి తీస్తున్నారు. నాకు దిండు తప్ప ఏమీ కనిపించదు. చివరి పొర లేచిన చప్పుడు వినిపించింది. అత్త పొర కమ్మిన కండ్లతో ఎంత దగ్గరగా వంగిందంటే ఆమె ఊపిరి నా మెడకు తగిలింది. "దూరం పెద్దమ్మా, దూరం" అని వార్డు నర్సు అరిచింది.

"ఎర్రంగా ఉండాది మే," అంది అత్త. "లేత మామిడాకు మాదిరి ఉండాది."

డాక్టరమ్మ వేలితో మెల్లగా నొక్కి వదిలింది. "చూశారా, నొక్కితే తెల్లబడింది, వదలగానే రంగు వచ్చేసింది. రక్తం వచ్చింది లోపలికి" అంది.

"పారతాండాది," అంది అత్త. మడికి నీళ్లు ఎక్కినప్పుడు అనే మాట.

నేను దిండులో ముఖం పెట్టి ఏడ్చాను. సంతోషమే, కాదనను. అందులో సగం సిగ్గు. ఇన్ని నెలలు నేను రోతపడిన ఒళ్లు, తిండి పెట్టకుండా మాడ్చిన ఒళ్లు, ఎవరూ చెప్పకుండా, కోపం పెట్టుకోకుండా, నా కోసం ఆ పని చేసుకుపోయింది. దానికి మంచీ చెడూ తెలియదు. పిలిస్తే పోతుంది. ఆ బిడ్డ దగ్గరికి కూడా పోవాలనే చూసి ఉంటుందేమో. దారిలో ఏం అడ్డం వచ్చిందో నాకు తెలియదు. తెలియనిదాన్ని పట్టుకుని ఇన్నేళ్లు నా ఒంటిని దోషిని చేశాను.

తర్వాత

కరెంటు, అదే రేడియేషన్, పెట్టించుకోవడానికి రాయవేలూరుకు తిరిగాం. వీపు మాడి, మళ్లీ పొరలు లేచి, నెమ్మదిగా సద్దుకుంది. మొదట నెలల వారీగా, తర్వాత ఏడాదికోసారి కుప్పం పోయేవాళ్లం. బస్సు వి.కోట దాటినప్పటి నుంచి రెడ్డెప్ప నాతో మాట్లాడేవాడు కాదు. డాక్టరమ్మ "ఏం లేదు, పొండి" అన్నాక ఆగకుండా మాట్లాడేవాడు. జబ్బు చేసింది నాకొక్కదానికే అనుకోవడం కూడా పొరపాటేనని ఆ బస్సుల్లో తెలిసింది.

ఇంట్లో సాయంత్రం దీపం పెట్టాక అత్త నన్ను గడప మీద కూర్చోబెట్టి ఆ మాసికకు కొబ్బరినూనె రాసేది. వెంట్రుకలు బిగించిన వేళ్లతోనే. రాయడం అయ్యాక డాక్టరమ్మ లాగే నొక్కి వదిలేది. ఆమె కండ్లకు రంగు తెలిసేది కాదు. నా వీపు నాకు కనపడదు. అందుకని లలితను పిలిచేది. "పారతాండాదా సూడు." లలిత పలక పక్కన పెట్టి వచ్చి, "పారతాండాది అవ్వా" అనేది. పెద్దదయ్యాక విసుక్కుంటూనైనా వచ్చి చూసి చెప్పేది. అది వినకుండా అత్త నిద్రపోయేది కాదు.

"ఇంక చాలత్తా, బాగైపోయింది కదా" అని ఒకసారి అన్నాను.

"నీకు బాగైంది" అంది అత్త.

2005 వానాకాలంలో అత్త మంచం పట్టింది. పుంగనూరు ఆసుపత్రిలో చూపించి ఇంటికి తెచ్చుకున్నాం. లలిత మదనపల్లెలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. రెడ్డెప్ప దాన్ని తీసుకురావడానికి పోయాడు. నేను అత్త పక్కన మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాను. ఆమె చెయ్యి దుప్పటి కిందనుంచి వచ్చి, తడుముకుంటూ నా వీపు ఎక్కింది. జాకెట్టు పక్కకు జరిపి ఆ చోటు వెతుక్కుంది. నొక్కింది. ఆ వేలిలో బలం లేదు, అయినా తెలిసింది. వదిలింది.

"పారతాండాదా?" అంది.

చూసి చెప్పడానికి ఇంట్లో ఎవరూ లేరు.

"పారతాండాది అత్తా" అన్నాను.